వెలికి దీయుట: ‘ఎడ్యూస్’ అను ఆంగ్ల క్రియాపదము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున విద్యార్థుల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పాఠశాలల వార్షికోత్సవములలో ఒక మాట తఱచుగా వినవచ్చుచుండును. వక్త లేచి, ‘ఎడ్యుకేషన్’ అను ఆంగ్లపదము వెలికి దీయుట యను నర్థము గల లాటిను మాటనుండి పుట్టినదనియు, కావున విద్య యనగా బాలుని లోపల దాగియున్న దానిని వెలికి దీయుటయే యనియు సెలవిచ్చును. సభవారు కరతాళధ్వనులు చేయుదురు. మఱునాడు బడిలో పాఠము యథాప్రకారము కంఠస్థ మగుచుండును. ఆ మాటలోని నిజ మెంత, అది నిజమైనచో దానివలన మనకు గలుగు బాధ్యత యెట్టిది, అని విచారించువారు తక్కువ. నేడు మన మందఱమును కలసి ఆ విచారణ చేయుదమని సంకల్పించి, అందుకు సాధనముగా ఒక చిన్న ఆంగ్ల క్రియాపదమును చేతికి దీసికొనుచున్నాను. ఆ పదము ‘ఎడ్యూస్’.

ఈ పదము వార్తాపత్రికలలో అరుదు. బజారు మాటలలో వినవచ్చునది కాదు. తర్కము, మనస్తత్త్వశాస్త్రము, విద్యాశాస్త్రము మొదలైన గ్రంథములలో మాత్రము అప్పుడప్పుడు తొంగిచూచును. ఆంగ్లభాషలో 15వ శతాబ్దినుండి యిది కలదు. దీనిని పలుకునపుడు మొదటి యచ్చు హ్రస్వము, ఊనిక రెండవ యక్షరము మీద. మీ పిల్లలు పరీక్షలో ఈ పదమును వ్రాయవలసిన యవసరము బహుశః ఎన్నడును కలుగదు. అయినను దీని యర్థమును తల్లిదండ్రులు తెలిసికొనుట మేలని నా తలంపు. ఏలయన, వార్షికోత్సవ వక్తలు ‘ఎడ్యుకేషన్’ అను పదమునకు చెప్పు నర్థము నిజముగా ఈ పదమునకే చెందినది.

మొదట దీని కుటుంబమును పరిచయము చేసెదను. లాటినుభాషలో ‘దూకెరె’ యను క్రియ కలదు. నడిపించుట, తోడ్కొనిపోవుట అని దాని యర్థము. దానికి వేఱువేఱు ఉపసర్గలు చేరగా పుట్టిన మాటలు ఆంగ్లమునం దనేకములు. ముందునకు నడుపుట ‘ప్రొడ్యూస్’. అందుండి ఉత్పత్తి చేయుట యను నర్థము వచ్చినది. వెనుకకు నడుపుట ‘రెడ్యూస్’. నేడు తగ్గించుట యని వాడుక. లోనికి తోడ్కొనివచ్చుట ‘ఇంట్రడ్యూస్’. అది పరిచయము చేయుట యైనది. ప్రక్కకు తోడ్కొనిపోవుట ‘సెడ్యూస్’. అనగా దారి తప్పించుట. నడిపించువాడు ‘డ్యూక్’, అది నేడొక బిరుదముగా నిలిచినది. ఈ వరుసలోనిదే ‘ఎడ్యూస్’. ఇందలి మొదటి యక్షరము ‘ఎక్స్’ అను ఉపసర్గకు సంక్షిప్తరూపము. వెలుపలికి అని దాని భావము. కావున ‘ఎడ్యూస్’ అనగా వెలుపలికి నడిపించుట.

సంస్కృతము తెలిసినవారికి ఈ యేర్పాటు క్రొత్త కాదు. సంస్కృతమున ‘నీ’ ధాతువునకును నడిపించుట యనియే యర్థము. నేత, నాయకుడు అను మాటలు అందుండియే పుట్టినవి. దానికి ఉపసర్గలు చేరగా ఆనయనము, పరిణయము, అభినయము, నిర్ణయము అను మాటలు కలిగినవి. ఇవన్నియు మనము తెలుగున నిత్యము వాడుకొనునవే. బాలుని గురువు సమీపమునకు తోడ్కొనిపోవుట ఉపనయనము. ‘ఉత్’ అను ఉపసర్గ చేరినపుడు ఉన్నయన మగును. పైకి తీయుట, వెలికి తెచ్చుట, ఊహచే కనిపెట్టుట అని దాని యర్థములు. ఊహచే గ్రహింపదగినదానిని శాస్త్రకారులు ‘ఉన్నేయము’ అందురు. లాటిను ‘దూకెరె’కును సంస్కృత ‘నీ’ ధాతువునకును పుట్టుకలో సంబంధము లేదు. అర్థములో మాత్రమే పోలిక. అయినను ‘ఎడ్యూస్’ అను పదమునకు ఒక్కమాటలో సరియైన ప్రతిపదము కావలెనన్నచో ‘ఉన్నయించుట’ యని చెప్పవచ్చును. వాడుకభాషలో ‘రాబట్టుట’ అని మనవా రనుమాట దీనికి మిక్కిలి దగ్గఱది.

ఇక ఈ పదము నెచ్చట వాడవలెను? దీనికి రెండు ముఖ్యమైన ప్రయోగములు గలవు. లోపల ప్రచ్ఛన్నముగా నున్నదానిని, ఇంకను రూపు కట్టనిదానిని, వెలుగులోనికి తెచ్చుట మొదటిది. కలగాపులగముగా నున్న విషయములనుండి ఒక క్రమమును ‘ఎడ్యూస్’ చేయుదురు. మౌనముగా నున్న విద్యార్థినుండి ఒక సమాధానమును ‘ఎడ్యూస్’ చేయుదురు. ఎదుట నున్న విషయములను పరిశీలించి వానిలోని సూత్రమును గ్రహించుట రెండవది. పది యుదాహరణములనుండి ఒక వ్యాకరణసూత్రమును ‘ఎడ్యూస్’ చేయుట యిట్టిది. జేబులోనుండి కలమును తీయుటకు గాని, పెట్టెలోనుండి బట్టలు తీయుటకు గాని ఈ పదము చెల్లదు. బయటికి వచ్చునది ఒక గుణము, ఒక భావము, ఒక సంబంధము, ఒక సూత్రము కావలెను.

పూర్వపు రసాయన శాస్త్రజ్ఞులు ఈ పదమునుండియే ‘ఎడక్ట్’ అను నామవాచకమును గైకొని, దానిని ‘ప్రొడక్ట్’ అనుదానినుండి వేఱుపఱచిరి. ఒక పదార్థమునందు ముందే యుండి, దానినుండి వేఱుచేయబడినది ‘ఎడక్ట్’. ముందు లేక, మార్పు జరుగుటవలన క్రొత్తగా నేర్పడినది ‘ప్రొడక్ట్’. నువ్వులను గానుగాడగా వచ్చు నూనె మొదటిదానికి ఉదాహరణము. ఆ నూనె నువ్వులలోనే యున్నది. చెఱకురసము పులిసినపుడు పుట్టు మద్యసారము రెండవదానికి ఉదాహరణము. అది రసమునందు ముందు లేదు. మన సాంఖ్యులు కార్యము కారణమునందు ముందే యున్నదని వాదించుచు, నువ్వులలోని నూనెను, వడ్లలోని బియ్యమును, ఆవునందలి పాలను దృష్టాంతములుగా చూపిరి. గానుగవాడు నూనెను సృష్టింపడు. అట్లని గానుగ లేకుండ నూనె తనంత తాను రాదు. ఈ రెండు మాటలను మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

దీనికి ఇరుగుపొరుగున నున్న పదములతో దీనిని కలిపివేయరాదు. ‘అడ్యూస్’ అనగా సాక్ష్యమునో, హేతువునో ఎదుటికి తెచ్చి చూపుట. న్యాయస్థానములలో సాక్ష్యము ప్రవేశపెట్టుటకు న్యాయవాదులు వాడుమాట యిదియే. ‘డెడ్యూస్’ అనగా అంగీకరించిన సత్యములనుండి తప్పనిసరిగా తేలు ఫలితమును చెప్పుట. మనుజులందఱును మరణించువారే యనియు, ఇతడు మనుజుడనియు ఒప్పుకొన్నచో, ఇతడును మరణించునని చెప్పుట ‘డెడ్యూస్’ చేయుట యగును. తర్కమునందు ‘ఇండ్యూస్’ అనగా అనేక సందర్భములను చూచి ఒక సామాన్యనియమమునకు చేరుట. లోకవ్యవహారములో దానికి ఒకని నొక పనికి పురికొల్పుట యని యర్థము. ‘ఎలిసిట్’ అను పదము ‘ఎడ్యూస్’నకు మిక్కిలి సమీపబంధువు. పరులనుండి మాటనో, సమాచారమునో రాబట్టుటకు దానిని విరివిగా వాడుదురు. ‘ఎక్స్‌టార్ట్’ అనునదియు వెలికి దీయుటయే, కాని మెలిపెట్టి, బలవంతముగా గుంజుకొనుట. బెత్తము చేతబూని పిల్లవానినుండి ఎక్కము రాబట్టినచో దానికి తగిన క్రియాపదము ‘ఎడ్యూస్’ కానేరదు. ‘ఎడ్యూస్’ అను మాటలో నడిపించుట యున్నది. నడిపించుటలో చేయి పట్టుకొనుట యున్నది.

వ్యాకరణరీత్యా మఱొక విశేషమును మనవి చేసెదను. ‘ఎడ్యుకేట్’ అను క్రియకు కర్మము బాలుడు. బాలుని ‘ఎడ్యుకేట్’ చేయుదుము. ‘ఎడ్యూస్’ అను క్రియకు కర్మము బాలుడు గాడు. బాలునినుండి ఒక భావమును ‘ఎడ్యూస్’ చేయుదుము. మొదటి వాక్యములో బాలునకు ద్వితీయావిభక్తి, రెండవదానిలో పంచమి. ‘బాలుని’ అనుటకును, ‘బాలునినుండి’ అనుటకును ఎంత భేదమున్నదో చూడుడు. మొదటి వాక్యములో పని అతనిమీద జరుగును. రెండవదానిలో అతడు నీటియూట వంటివాడు. తోడువారు తోడినకొలది యొసగును.

ఇప్పుడు వార్షికోత్సవ వక్తల మాటను పరీక్షింతము. లాటినులో రెండు వేఱువేఱు క్రియలు గలవు. ‘ఏదూకెరె’ అనునది వెలికి నడిపించుట. ‘ఏదుకారె’ అనునది పెంచుట, పోషించుట. ఈ రెంటికిని దూరపుచుట్టరికము ఉండవచ్చునని భాషావేత్తలు తలంతురు. కాని ‘ఎడ్యుకేషన్’ అను నామము వచ్చినది రెండవదానినుండి. మొదటిదానినుండి వచ్చినది ‘ఎడక్షన్’ అను మఱొక నామము. 1889 మొదలు 1891 వఱకు అమెరికాలో వెలువడిన సెంచరీ నిఘంటువు, విద్యకు మూలార్థము మనశ్శక్తులను వెలికి దీయుట యను ప్రచారమునకు ఆధారము లేదని స్పష్టముగా ప్రకటించినది. అయినను ఆ ప్రచార మాగలేదు. 1961లో మ్యూరియల్ స్పార్క్ అను రచయిత్రి వ్రాసిన నవలలో, మిస్ జీన్ బ్రోడీ యను నుపాధ్యాయిని ఈ వ్యుత్పత్తినే గర్వముతో చెప్పును. ఆమె మాత్రము తన శిష్యురాండ్ర మనస్సులలో తన యభిప్రాయములనే కూరుచుండును. వెలికి దీయుచున్నానని నోటితో ననుట వేఱు, దీయుట వేఱు అని ఆ నవల చదివినవారికి తెలియును.

అయితే వెలికి దీయుట గొప్పది, పెంచుట తక్కువది యని మీరు భావింపరాదు. క్రీ. పూ. 116 మొదలు 27 వఱకు జీవించిన రోమను పండితుడు వర్రో, ఈ క్రియలను చక్కగా పంచిపెట్టెను. శిశువును వెలికి దీయునది మంత్రసాని, పెంచునది దాది, నడవడి దిద్దువాడు బాలపోషకుడు, పాఠము చెప్పువాడు గురువు అని అతని విభాగము. నాలుగు పనులు, నాలుగు క్రియలు, నలుగురు మనుష్యులు. వీనిలో ఏ యొక్కటి లోపించినను బిడ్డ వృద్ధిపొందడు. నేటి మన యిండ్లలో ఈ నాలుగు పనులలో మూడింటిని తల్లిదండ్రులే వహించుచున్నారు.

మంత్రసాని మాట వచ్చినది గనుక సోక్రటీసును తలంపవలెను. తన తల్లి మంత్రసాని యనియు, తానును భావములకు పురుడు పోయువాడననియు అతడు చెప్పుకొన్నట్లు ప్లేటో వ్రాసెను. ఆ మంత్రసానితనము ఎట్టిదో ప్లేటో వ్రాసిన ‘మెనో’ అను సంవాదమున కన్నులకు గట్టినట్లు కానవచ్చును. మెనో యింట చదువు సంధ్యలు లేని యొక దాసబాలు డుండెను. సోక్రటీసు వానిని పిలిచి నేలమీద ఒక చతురస్రమును గీచెను. దాని భుజము 2 అడుగులు. వైశాల్యము 4 చదరపు టడుగులు. దీనికి రెట్టింపు వైశాల్యము గల చతురస్రమునకు భుజ మెంత యుండవలెనని యడిగెను. బాలుడు తడుముకొనక 4 అడుగులనెను. సోక్రటీసు తప్పనలేదు, బొమ్మ గీచి లెక్కింపుమనెను. 16 వచ్చినది. బాలుడు 3 అడుగులనెను. లెక్కింపగా 9 వచ్చినది. ఇక తనకు తెలియదని బాలు డొప్పుకొనెను. అప్పుడు సోక్రటీసు చతురస్రమునకు మూలనుండి మూలకు గీత గీచి, మరల ప్రశ్నలు వేసెను. ఆ కర్ణరేఖమీద నిలిచిన చతురస్రమే 8 చదరపు టడుగులదని బాలుడు తన నోటితోనే చెప్పెను.

ఈ కథను చెప్పువారు సామాన్యముగా సోక్రటీసు ప్రశ్నల చాతుర్యమును మెచ్చుకొందురు. నేను మీ దృష్టిని మఱొకచోటికి మరల్చెదను. ఆ బాలుడు పిలువబడిన వెంటనే, గీత గీయకముందే, లెక్క యడుగకముందే, సోక్రటీసు మెనో నొక్క ప్రశ్న యడిగెను: ఈ బాలుడు గ్రీకువాడేనా, గ్రీకుభాష మాటాడునా అని. మాటాడును, మా యింట బుట్టినవాడే యని మెనో బదులిచ్చెను. అటుపిమ్మటనే పరీక్ష మొదలైనది. ఆ బాలునకు గణితము వచ్చునా యని సోక్రటీసు అడుగలేదు. అక్షరములు వచ్చునా యని యడుగలేదు. వెలికి దీయుటకు అతడు కోరిన యర్హత యొక్కటే: అడిగిన భాష బాలునకు తెలిసియుండుట. రెండువేల నాలుగువందల యేండ్లనాటి ఈ చిన్న ప్రశ్న మనవంటివారి పాఠశాలలకు మిక్కిలి పనికివచ్చునది.

న్యాయముగా మఱొక మాటయు చెప్పవలెను. ఆ సంభాషణమున సమస్తమును బాలునినుండియే వచ్చెనని యనరాదు. మూలనుండి మూలకు గీత గీచినవాడు సోక్రటీసు. దానికి పండితులు కర్ణరేఖ యని పేరు పెట్టిరని చెప్పినవాడును అతడే. పేరు, తేది, అక్షరము, ఎక్కము, పరభాషలోని పదము — ఇవి పిల్లవాని లోపలనుండి ఊరవు, పెద్దలు ఇయ్యవలసినవే. పరిశీలించి గ్రహింపదగిన సంబంధములును, హేతువులును మాత్రమే వెలికి దీయదగినవి. ఇయ్యవలసినదానిని ఇయ్యక ఊరకుండుటయు దోషమే. రాబట్టదగినదానిని ముందుగానే చెప్పివేయుటయు దోషమే. ఈ వివేకము గల యుపాధ్యాయుడు దొరకుట బాలుని యదృష్టము.

ఇరువదవ శతాబ్దిలో ఈ పదమును శాస్త్రపీఠమున నిలిపినవాడు ఇంగ్లండు దేశపు మనస్తత్త్వవేత్త చార్లెస్ స్పియర్‌మన్. 1923లో బుద్ధి స్వభావమును గూర్చి అతడు ప్రకటించిన గ్రంథమున ‘ఎడక్షన్’ అను వ్యాపారమును రెండు విధములుగా చెప్పెను. రెండు వస్తువులు ఎదుట నుండగా వానినడుమ సంబంధమును గ్రహించుట మొదటిది. ఒక వస్తువును, ఒక సంబంధమును ఇయ్యగా, ఆ సంబంధమునకు తగిన రెండవ వస్తువును కనుగొనుట రెండవది. చేపయు నీరును అని చెప్పినపుడు, ఒకటి మఱొకదానియందు సంచరించునది యని బాలుడు గ్రహించినచో అది మొదటి విధము. అట్లయిన పక్షి యెందు సంచరించునని యడుగగా, గాలియం దని చెప్పినచో అది రెండవ విధము. గాలి యను మాటను ఎవరును చెప్పలేదు. అది బాలుని మనస్సునుండి వెలికి వచ్చినది.

ఇదే ప్రశ్నను, ఇంట తెలుగు తప్ప మఱొకటి వినని ఆఱేండ్ల బిడ్డను ఆంగ్లములో అడిగితిమనుకొందము. చేపకు ఆంగ్లమున నేమందురో ఆ బిడ్డకు తెలియదు. బిడ్డ మౌనముగా నిలుచును. ఆ మౌనమువలన ఏమి రుజువైనది? మాట తెలియదని మాత్రమే రుజువైనది. చేపకును నీటికిని గల సంబంధము ఆ బిడ్డకు తెలియునో తెలియదో మన మసలు అడుగనే లేదు. కాని తఱచు జరుగున దేమన, ఆ మౌనమును చూచి బిడ్డ మందబుద్ధి యని ముద్ర వేయుట. కొంతకాలమునకు ఆ బిడ్డయు ఆ ముద్రను నమ్ముట. నాకు భయము గొలుపున దిదియే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. బుద్ధి యన్నది భాషకు లోబడినదా యని. లోబడినది కాదు. 1938లో జాన్ రేవెన్ అను బ్రిటిష్ మనస్తత్త్వవేత్త మాటలు లేని పరీక్షల నొకవరుసగా ప్రకటించెను. వానిలో కొన్ని యాకృతులు క్రమముగా నుండును, ఒకటి లోపించియుండును, లోపించినది యేదో ఎంచవలెను. సంబంధమును గ్రహించు శక్తి యే యొక్క భాషకును సొత్తు గాదని వానివలన తెలియును. తెలుగు బిడ్డకు ఉన్నంత శక్తి తమిళ బిడ్డకును, కన్నడ బిడ్డకును, ఆంగ్లేయుల బిడ్డకును కలదు. కాని బడిలోని పాఠము ఆకృతుల వరుస గాదు. అది మాటల వరుస. ప్రశ్న మాటలలో వచ్చును, సమాధానమును మాటలలోనే పోవలెను. శక్తి యందఱకు నున్నను, దానిని తోడు చేద భాషయే.

మన పిల్లల స్థితి మీకు తెలియనిది గాదు. ఇంట తెలుగు, వీథిలో ఈ ప్రాంతపు భాష, బడిలో ఆంగ్లము. మూడు భాషల నడుమ వారు పెరుగుచున్నారు. ఇది వారికి భారమని నే ననను. సక్రమముగా నడిపినచో అది యైశ్వర్యమే. ఆంగ్లము లేనిదే యుద్యోగము లేదన్న మీ చింతయు న్యాయమైనదే. ఆ చింతను పరిహసించువాడు పిల్లల మేలు కోరువాడు గాడు. ఆంగ్లమును చక్కగా, శ్రద్ధతో, ఒక భాషగా నేర్పవలసినదే. ఈ ప్రాంతపు భాషను ఇరుగుపొరుగుతో సమానముగా మాటాడ నేర్వవలసినదే. నా మనవి యొక్కటే. పిల్లవాని యూహను పరీక్షించునపుడు, అతడు నిర్భయముగా రెండు తప్పులు చేయగల భాషలో పరీక్షింపుడు. ఆ దాసబాలుడు 4 అడుగులని యొకసారి, 3 అడుగులని యొకసారి తప్పు చెప్పినపిమ్మటనే నిజమునకు చేరెను. వ్యాకరణము తప్పునేమో, సహాధ్యాయులు నవ్వుదురేమో యని నోరు మూసుకొను భాషలో ఆ మొదటి తప్పే బయటికి రాదు. మొదటి తప్పు రానిచో మూడవ సమాధానమును రాదు.

మన రాజ్యాంగమును ఈ దృష్టి లేనిది కాదు. భాషారాష్ట్రములు ఏర్పడిన 1956లోనే, ఏడవ సవరణద్వారా 350-ఎ అను అధికరణమును అందు చేర్చిరి. భాషావిషయమున నల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యములను ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు కల్పింప యత్నింపవలెనని దాని తాత్పర్యము. 2020లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానమును, సాధ్యమైనచోట కనీసము అయిదవ తరగతివఱకు ఇంటిభాషలో బోధన జరుగవలెనని చెప్పినది. ఇట్టి యేర్పాటులను మన యభిమానమునకు చేసిన దయగా మాత్రమే చూడరాదు. సోక్రటీసు మెనోను అడిగిన ప్రశ్నకు ప్రభుత్వము చెప్పిన సమాధానముగా చూచినచో వాని విలువ యింకను స్పష్టమగును.

చట్టము బడివఱకే వచ్చును, ఇంటిలోనికి రాదు. ఇంట మీరు చేయదగిన యొకటి రెండు పనులను చెప్పి ముగించెదను. ఖర్చు లేని పనులు. ఆంగ్లము రాని తల్లియు చేయగలిగినవి.

ఒక చదరపు చేరుమాలును తీసికొనుడు. దాని నాలుగు మూలలను నడిమికి మడువుడు. మరల ఒక చిన్న చతురస్ర మేర్పడును. ఇది పెద్దదానిలో ఎన్నవ వంతు అని పిల్లవాని నడుగుడు. నాలుగవ వంతని యనవచ్చును. మూడవ వంతని యనవచ్చును. మీరు వెంటనే చెప్పివేయకుడు. మడతలను విప్పి మరల మడువనిండు. మడిచిన నాలుగు మూలలును క్రిందనున్న గుడ్డను సరిగా కప్పుచున్నవని, అనగా గుడ్డ రెండు పొరలైనదని, అతడే చూచును. సగమని అతడే చెప్పును. విప్పినచో రెట్టింపని యును అతడే చెప్పును. సోక్రటీసు నేలమీద గీచిన లెక్కయు ఇదియే. మీ పెరటిలో తెల్లవాఱుజామున ముగ్గు పెట్టునపుడు చుక్కలను కలుపు గీతలలోను ఈ సంబంధములే దాగియున్నవి. చుక్కలు మీరు పెట్టుడు. గీత ఎటు పోవలెనో కొంచెము సేపు బిడ్డను చెప్పనిండు.

మన పెద్దలు పొడుపుకథలు వేసి పిల్లలచేత విప్పించు నాచారమును ఈ కోవలోనిదే. పొడుపులో ఆనవాళ్ళన్నియు ఇచ్చివేయుదురు. వస్తువు పేరు మాత్రము ఇయ్యరు. దానిని పిల్లవాడు తనలోనుండి తీయవలెను. అవ్వలు విశ్వవిద్యాలయములు చూడకున్నను, ‘ఎడక్షన్’ అనగా నేమో వారి చేతలకు తెలియును. తెలిసిన విడుపును తొందరపడి చెప్పివేయు నవ్వను పిల్లలు మెచ్చరు.

రాత్రి బిడ్డ బడినుండి తెచ్చిన పుస్తకమును విప్పినపుడు, ఎన్ని మార్కులని యడుగుటకు ముందు, ఈ సమాధానమునకు నీ వెట్లు వచ్చితివని తెలుగులో నడుగుడు. చెప్పుటకు కొంత వ్యవధి యిండు. ఆంగ్లపదము నడుమ వచ్చిన రానిండు. ప్రాంతీయభాషాపదము వచ్చిన రానిండు. దిద్దుట తరువాతి మాట. ఎట్లు వచ్చితివన్న ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నపుడే, తనకు తెలిసినదేదో తెలియనిదేదో బిడ్డకు స్పష్టమగును. అట్లు స్పష్టమైనదానిని రేపు ఆంగ్లములో చెప్పుట నేర్పవచ్చును. స్పష్టము కానిదానిని ఏ భాషలో చెప్పించినను అది వల్లెవేయుటయే యగును.

 మన పిల్లల నోట మాట నిలువకుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.